గుల్దాన్ అడుగున గీతలు

నా కుర్చీలోకి రాబోతున్న మీరిద్దరూ మొన్న టీ దగ్గర నన్నొక ప్రశ్న అడిగారు: "అన్నా, ఈ ఆరేళ్లలో మీరు పట్టుకున్న గొప్ప వస్తువేది?" అప్పుడు ఏదో చెప్పి తప్పించుకున్నాను. నిజానికి నాకు బాగా గుర్తున్నది పట్టుకున్న వస్తువు కాదు. ఎవరో తెచ్చి చేతిలో పెట్టినా పట్టుకోలేకపోయిన వస్తువు. అసలుసిసలైన పాత గాజు పాత్ర ఒకదాన్ని నేను నకిలీ అని నాలుగు పేజీల్లో, ఆరు ఫొటోలతో, ఒక పట్టికతో సహా నిరూపించాను. ఆ నిరూపణలో ఒక్క లోపం కూడా లేదు, ఫలితం తప్పు కావడం తప్ప.

ముప్పై రెండేళ్ల వయసులో అనుభవాలు రాయడం కొంచెం సిగ్గుగానే ఉంది. అయితే నేను చేసిన పొరపాట్లు అరవై ఏళ్ల మనిషికి సరిపోయేన్ని ఉన్నాయి కాబట్టి, ఆ లెక్కన నేనూ సీనియర్నే.

ముందు నా చదువు సంగతి చెప్పాలి, ఎందుకంటే తప్పంతా అక్కడే మొదలైంది. మా నాన్న కోస్తా నుంచి వచ్చి కంచన్‌బాగ్‌లో స్థిరపడ్డ గుమాస్తా. నేను లోహాల ఇంజనీరింగ్ చదివాను. చదువయ్యాక ఒక ల్యాబులో రెండేళ్లు కాంట్రాక్టు ఉద్యోగం చేశాను. పని ఏమిటంటే, లోహపు ముక్కను ఎమరీ కాగితం, అంటే గరుకుటి ఉప్పు కాగితం, మీద రుద్దడం, సూక్ష్మదర్శినిలో గీతలు చూడడం, ఇంకా సన్నటి ఎమరీ మీద రుద్దడం, మళ్లీ గీతలు చూడడం. రెండేళ్లు రోజుకు ఎనిమిది గంటలు నేను ఎమరీ గీతలు తప్ప మరేమీ చూడలేదు. పెళ్లిచూపులకు వెళితే అమ్మాయి పట్టుకొచ్చిన స్టీలు పళ్లెం మీద గీతలు ఏ నంబరు కాగితానివో చెప్పగలిగాను. అమ్మాయి ఏ రంగు చీర కట్టుకుందో మాత్రం చెప్పలేకపోయాను. ఆ సంబంధం కుదరలేదు.

కాంట్రాక్టు అయిపోయాక ఉస్మాన్‌గంజ్ వెనక సందులో ఉన్న ఈ పాతవస్తువుల దుకాణంలో చేరాను. యజమానిని అందరూ సేఠ్ అంటారు, మీకు తెలుసు. నా పని ప్రతి గురువారం జుమ్మేరాత్ బజార్‌కు వెళ్లి, రోడ్డు మీద గోనెపట్టాల పైన పోసిన సామాన్లలో మంచి గాజు ఏదన్నా ఉంటే గుర్తుపట్టడం. తోడుగా వచ్చేది చాచా. ముప్పై ఏళ్లు లాడ్‌బజార్‌లో గాజులమ్మిన మనిషి. చేతి గాజుల నుంచి పూలు పెట్టుకునే గాజుకు మారాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు, రసాయనశాస్త్రం రాదు, భూతద్దం వాడడు. వస్తువును ఎత్తి, గోటితో ఒకసారి కొట్టి, కళ్లు మూసుకుంటాడు. అంతే.

ఆ బజార్లో ప్రపంచానికి రెండే దేశాలు. బాగున్న గాజంతా బెల్జియం, బాగాలేనిదంతా చైనా. "అస్లీ బెల్జియం సాబ్" అని అమ్మేవాడు ఒట్టేస్తే, కొనేవాడు "చైనా, చైనా" అని మొహం తిప్పుకుంటాడు. ఈ రెండు దేశాల మధ్య శాస్త్రీయమైన సరిహద్దు గీయాలని నేను బయల్దేరాను.

రెండో గురువారమే ఒక గిన్నె దొరికింది. మందపాటి తెల్లని గాజు, ఒకవైపు కొంచెం ఉబ్బు, అంచు చుట్టూ వెడల్పాటి గట్టు. రెండు వైపులా సమానంగా లేదంటే చేత్తో చేసిందే అని తేల్చుకున్నాను. ఐరోపాలో ఎక్కడో ఒక గొప్ప కళాకారుడు సౌష్ఠవాన్ని ధిక్కరించి దీన్ని సృష్టించాడని చాచాకు పావుగంట వివరించాను. చాచా శ్రద్ధగా విన్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

"అయిపోయిందా బేటా?"

"అయింది చాచా."

"గిది వాషింగ్ మెషిన్ తలుపు."

ఆ సాయంత్రమే నేను జాబితా మొదలుపెట్టాను. ఇకమీదట ఊహలుండవు, అంశాలే ఉంటాయి అనుకున్నాను. బరువు, అంచు, బుడగలు, రంగు పొరలు, అచ్చు అతుకులు. అతినీలలోహిత టార్చి ఒకటి కొన్నాను. కొన్ని పాత గాజులు దాని వెలుతురులో ఆకుపచ్చగా మెరుస్తాయి. మొదటిరోజు దానికింద మెరిసింది మాత్రం సర్ఫుతో ఉతికిన నా చొక్కా ఒక్కటే. అయినా జాబితా పెరుగుతూ పోయింది. ఇరవై రెండు అంశాలయ్యాక దానికి ప్లాస్టిక్ తొడుగు వేయించాను. చాచా దాన్ని చూసి, "ఇది నువ్వు చదివేసరికి నేను చాయ్ తాగొస్త," అనేవాడు. అనడమే కాదు, వెళ్లి తాగొచ్చేవాడు కూడా.

ఆ ఇరవై రెండో అంశం నా సొంతం. మిగతావన్నీ ఎక్కడెక్కడో చదివి రాసుకున్నవి. ఇది మాత్రం ల్యాబు నుంచి తెచ్చుకున్న విద్య. పాత గాజు పాత్ర ఏళ్ల తరబడి బల్ల మీద అటూఇటూ జరుగుతుంది కాబట్టి అడుగున సన్నటి గీతలు పడతాయి. అవి చిందరవందరగా, ఎటుపడితే అటు ఉంటాయి. కొత్తదాన్ని పాతదని నమ్మించాలనుకునేవాడు ఎమరీ కాగితం మీద పెట్టి తిప్పుతాడు. అప్పుడు గీతలు ఒక పద్ధతిగా, ఒకేవైపు తిరిగి ఉంటాయి. ఈ ఒక్క అంశంతో రెండు నకిలీలు పట్టుకున్నాను. సేఠ్ అందరి ముందు భుజం తట్టాడు. భుజం తట్టించుకున్నవాడు ఎంత ప్రమాదకరమో నాకు అప్పటికి తెలియదు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం అరవై దాటిన పెద్దాయన ఒకరు భార్యతో కలిసి దుకాణానికి వచ్చారు. బహదూర్‌పురా నుంచి బస్సులో వచ్చారు. టిఫిను సంచిలోంచి తువ్వాలు మూట తీసి, దాన్ని పసిపిల్లను దించినట్టు బల్ల మీద దించాడు.

"అమ్మనీకి గాదు సార్," అన్నాడు ముందుగానే. "గిది పాతదే అని ఒక్క ముక్క రాసియ్యుండ్రి. గంతే."

విప్పితే గుల్దాన్. చాచా భాషలో పూలు పెట్టుకునే గాజు పాత్రను అలా అంటారు, మా దుకాణంలో అదే మాట స్థిరపడింది. జానెడు ఎత్తు, సన్నటి నడుము, పువ్వులా విచ్చుకున్న అంచు. ఆకుపచ్చ మీద నీలం, నీలం మీద బంగారం, వాననీటిలో పెట్రోలు చుక్క పడితే తేలే రంగుల్లాగా.

ఆయన కంచన్‌బాగ్‌లో ఒక కర్మాగారంలో ముప్పై ఏళ్లు ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. వాళ్లమ్మ ఒక బంగళాలో ఆయాగా పనిచేసిందట. ఆ బంగళా దొరసాని తన దేశానికి వెళ్లిపోతూ, నా పిల్లల్ని నువ్వే పెంచావు అని చెప్పి దీన్ని చేతిలో పెట్టిందట. అప్పటి నుంచి వాళ్లింట్లో సిలువ కింద, కొవ్వొత్తుల పక్కన ఉంది. ఇప్పుడు వాళ్ల చర్చి వార్షికోత్సవానికి, ప్రభువు బల్ల మీద పూలు పెట్టడానికి, తల్లి పేరు మీద ఇవ్వాలనుకున్నాడు. అయితే సంఘ పెద్దల్లో సెక్రటరీగా ఉన్నాయన, "దొరసాని ఇచ్చిందా, బేగంబజార్ల దొరికిందా?" అని నవ్వాడట. మిగతావాళ్లూ నవ్వారట.

"వాళ్లు ఎగతాళికే అన్నరు సార్. కాని మా అమ్మ ఎన్నడు అబద్ధమాడలె. నేను ఇచ్చినంక ఎనకనుంచి ఎవరన్న నవ్వితె, నవ్వేది నన్ను గాదు, ఆమెను. ఆమె మాట పోవద్దు. అందుకే కాగితం."

"ఒక్క ముక్కేమిటంకుల్, పూర్తి రిపోర్టు ఇస్తాను," అన్నాను. అడగని మేలు చేయడంలో నన్ను మించినవాడు లేడు.

జాబితా తీసి మొదలుపెట్టాను. అంచు నిప్పులో నున్నగా అయింది, సరి. బుడగలు, సరి. రంగులు మడతల లోపల కూడా ఉన్నాయి, సరి. ఆయన భార్య అంతసేపూ నా చేతులనే చూస్తూ ఉంది. నేను పాత్రను తలకిందులు చేయగానే ముందుకు వంగింది.

"నేను దాన్ని తోముతున్నప్పుడు మా అత్తమ్మ ఏమంటుండెనంటె..."

"ఆంటీ, ఒక్క నిమిషం," అన్నాను. పదకొండో అంశం దగ్గర ఉన్నాను మరి. లెక్క తప్పితే మళ్లీ మొదటి నుంచి రావాలి.

ఆవిడ వెనక్కి జరిగింది.

అడుగున మధ్యలో బొటనవేలు పట్టేంత నున్నటి గుంట ఉంది. ఊదిన గాజును చివరిదాకా ఒక ఇనుప కడ్డీకి అంటించి పనిచేస్తారు. ఆ కడ్డీని విరిచేసిన చోట మచ్చ మిగులుతుంది. మంచి పనివాళ్లు ఆ మచ్చను సానపట్టి గుంటగా నున్నగా చేస్తారు. చాచా దాన్ని బొడ్డు అంటాడు. బొడ్డు చూస్తే బిడ్డ ఏ ఇంట్లో పుట్టిందో తెలుస్తుందని ఆయన సిద్ధాంతం. ఆ బొడ్డు చక్కగా ఉంది. కానీ దాని చుట్టూ, పాదం అంచు మీద, అడుగంతా, వలయాలు వలయాలుగా గీతలు. ఒకే తీరుగా గుండ్రంగా తిరిగినవి. నా గుండె ఆనందంతో గంతేసింది. ఇది సిగ్గుపడి చెప్పాల్సిన మాట. ఒక మనిషి తల్లి మాట ఆ బల్ల మీద ఉంది, నాకు మాత్రం పాత స్నేహితులు కనిపించినట్టయింది.

వాళ్లు వస్తువును రెండు రోజులు దుకాణంలో వదిలి వెళ్లారు. చాచా ఎత్తి చూసి, గోటితో కొట్టి, కళ్లు మూసి తెరిచాడు.

"పాతదే బేటా. రాసియ్."

"ఆధారం ఏంటి చాచా?"

"చెయ్యి చెప్తున్నది."

"చెయ్యి చెప్పిందని రిపోర్టులో రాయలేను కదా."

"అయితే రిపోర్టుల నీ చెయ్యి పెట్టకు, తోడా సబర్ కర్," అన్నాడు. నేను ఓపిక పట్టలేదు. ఇంగ్లీషులో నాలుగు పేజీలు రాశాను. ఇరవై అంశాలు పాతదనే చెప్పాయని, ఒకటి తేలలేదని నిజాయితీగా రాసి, చివరిదాని బలంతో మొత్తం కొట్టేశాను. ఎమరీ కాగితంతో కృత్రిమంగా పాతదనం కల్పించబడిన గుర్తులున్నాయి, ఇటీవలి నకిలీ అయివుండవచ్చు అని ముగించాను. పెద్దాయన వచ్చినప్పుడు నేను బయట ఉన్నాను. కవరూ మూటా చాచా అందించాడు. ఆయన కవరు విప్పకుండానే రెండు చేతులతో అందుకుని దండం పెట్టి వెళ్లాడట.

మూడు వారాలు గడిచాయి. ఒక గురువారం సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి మా అమ్మ పెరట్లో పీట వేసుకుని, శుక్రవారం పూజకు ఇత్తడి కుందులు తోముతోంది. నేను కాళ్లు కడుక్కుంటూ ఊరికే చూశాను. ఒక కుందిని తలకిందులు చేసి, అడుగున ఉన్న గుంటలో ఇటుక పొడి అద్దిన కొబ్బరి పీచును బొటనవేలితో నొక్కి పట్టుకుంది. ఆ వేలు కదలలేదు. ఎడమ చెయ్యి కుందిని గిరగిరా తిప్పుతోంది.

నేను వెళ్లి భూతద్దం తెచ్చాను.

"ఏంట్రా, దాన్ని కూడా అమ్మేస్తావా? మా పుట్టింటివాళ్లు పెట్టిందది!" అంది అమ్మ, కుందిని వెనక్కి లాక్కుంటూ.

"అమ్మడానికి కాదమ్మా, అడుగు చూడాలి."

"ముప్పయ్యేళ్ల నుంచి తోముతున్నా. ఒక్కనాడు నువ్వు అడుగు చూసిన పాపాన పోలేదు."

వలయాలు. ఒకే తీరుగా గుండ్రంగా తిరిగిన వలయాలు. అంచు మీదే కాదు, గుంట లోపలిదాకా. నేను ఫోనులో ఉన్న ఆ గుల్దాన్ ఫొటోలు తెరిచాను. ఆరింటిలో ఐదోది పెద్దది చేసి చూశాను. బొడ్డు లోపల కూడా గీతలున్నాయి. బల్ల మీద పరిచిన ఎమరీ కాగితం అంచును తాకుతుంది కానీ గుంటలోకి ఎలా వెళ్తుంది? వెళ్లదు. ఇటుక పొడిలో ఉండే ఇసుక రేణువు గాజు కంటే గట్టిదని, గాజును గీస్తుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను. ఆ రేణువు వంటింట్లో కూడా గీస్తుందని నాకు తట్టలేదు.

మర్నాడు పొద్దున్నే బహదూర్‌పురా వెళ్లాను. జూ వెనక సందులో వాళ్లిల్లు. తలుపు ఆవిడే తీసింది. పెద్దాయన లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"ఆంటీ, మూడు విషయాలు చెప్పాలి," అని మొదలుపెట్టాను.

"ముందుగాల కూసో బిడ్డా. మూడు గాదు, ముప్పై చెప్పు. నేను ఒక్కటి చెప్త, అది ఇను."

ఆవిడ చెప్పింది. ఆ కవరు తీసుకుని పెద్దాయన నేరుగా చర్చికి వెళ్లాడు. ఇంగ్లీషు కాబట్టి విప్పి చదవమని సెక్రటరీకే ఇచ్చాడు. ఆయన పెద్దలందరి ముందూ చదువుతూ తెలుగులో చెప్పాడు. "ఎమరీ కాగితంతోని రుద్ది, పాతదాని లెక్క చేసిండ్రు." ఎవరు చేసిండ్రు అని ఒకాయన అడిగాడు. ఎమరీ కాగితం మన సంఘంల ఎవరింట్ల ఉంటదని ఇంకొకాయన నవ్వాడు. ముప్పై ఏళ్లు ఎమరీ కాగితం పట్టిన ఫిట్టరు ఆ గదిలో ఒక్కడే ఉన్నాడు.

ఇంగ్లీషులో నేను ఎవరినీ ఏమీ అనలేదు. అక్కడ పని దానంతట అదే జరిగిపోతుంది, చేసినవాడు వాక్యంలో కనబడనే కనబడడు. రిపోర్టులకు అదే మర్యాద అనుకుంటాం. తెలుగులోకి వచ్చేసరికి క్రియ తన మనిషిని వెతుక్కుంటుంది. రుద్దారు అంటే, ఎవరు రుద్దారు? నేను ఖాళీగా వదిలిన చోటులోకి ఆ పెద్దాయనను తోసేశారు.

"మూడు ఆదివారాలాయె, ఆరాధనకు పోలేదు," అంది ఆవిడ. "ప్రతి వారం బల్ల మీద పూలు పెట్టేది ఆయనే. ఆదివారం పొద్దుగాల ఆ దిక్కు తిరిగి పంటడు, లెవ్వడు."

"ఆంటీ, మీరు దాన్ని దేనితో తోముతారు?"

"ఇటుక పొడి, కొబ్బరి పీచు. అడుగొక్కటే. పైన రంగులు ముట్టొద్దు, తడిబట్టతోనే తుడువాలె అని అత్తమ్మ నాతోని ఒట్టు పెట్టిచ్చుకున్నది. దొరసాని ఆమెకు గట్లనే చెప్పిందంట. కొవ్వొత్తి మైనం కారి అడుక్కు అంటుకుంటది గద, అందుకే క్రిస్మస్‌కు ఒకసారి, ఈస్టర్‌కు ఒకసారి అడుగు తోముత. ఆమె ఉన్నన్నొద్దులు ఆమె తోమింది, తర్వాత నేను." నవ్వింది. "ఆనాడే చెప్పబోతిని బిడ్డా. ఒక్క నిమిషం అన్నవు. నీ నిమిషం ఇంక అయిపోలేదు."



"అయిపోయినాదే మీ ముచ్చట?" లోపలి నుంచి పెద్దాయన గొంతు. "నన్ను ఇడిచిపెట్టుండ్రి. ఇంకేం కాగితాలొద్దు."

"నాకు చెప్పి ఏం లాభం?" అంది ఆవిడ గొంతు తగ్గించి. "నవ్వినోళ్ల ముంగట చెప్పు. ఆదివారం ఆరాధనైనంక పెద్దలు కూసుంటరు."

దుకాణంలో చెబితే సేఠ్‌కు నచ్చలేదు. "గలతీ చేసినమని మనమే పోయి చెప్తే, రేపు నీ కాగితాన్ని ఎవడు నమ్ముతడు?" అన్నాడు. చాచా బీడీ ఆర్పుతూ, "నమ్మకుంటే మంచిదే సేఠ్, జర తక్కువ రాస్తడు," అన్నాడు.

ఆదివారం వెళ్లాను. చిన్న చర్చి. పక్క గదిలో, అందరూ అయ్యగారు అని పిలిచే పాస్టర్‌ను మధ్యలో కూర్చోబెట్టుకుని ఆరుగురు పెద్దలు. నేను చార్టు గీసుకుని వెళ్లాను. ఎడమవైపు ఎమరీ గీతలు, కుడివైపు పీచు గీతలు, బాణం గుర్తులు. పదకొండు నిమిషాలు మాట్లాడాను. సంఘ పెద్దల్లో ఒకాయన కళ్లు మూసుకున్నాడు. ప్రార్థన కాదని గురక వల్ల తెలిసింది.

సెక్రటరీ కళ్లజోడు సర్దుకున్నాడు. "బాబూ, మొన్న నాలుగు పేజీలల్ల నకిలీ అన్నవు. ఇయ్యాల బాణాలు గీసి అసలంటున్నవు. రేపు ఏమంటవు?"

న్యాయమైన ప్రశ్న. జాబితాలో దీనికి అంశం లేదు.

సంచిలోంచి రెండు వస్తువులు తీశాను. ఒక ఎమరీ కాగితం. గురువారం బజార్లో కొన్న మామూలు గాజు పాత్ర ఒకటి, దాని అడుగునా గుంట ఉంది. "నా మాట వద్దండి. మీరే రుద్ది చూడండి."

ఆయన రుద్దాడు. పట్టుదల మనిషి, చెమట పట్టేదాకా రుద్దాడు. అంచు మీద గీతలు పడ్డాయి. గుంట అద్దంలా అలాగే ఉంది. "వేలికి చుట్టి రుద్దుత," అని కాగితాన్ని వేలికి చుట్టి గుంటలో పొడిచాడు. కాగితం ముడతలు పడి, పొట్టి పొట్టి గీతలు అడ్డదిడ్డంగా పడ్డాయి కానీ వలయం రాలేదు.

అప్పటికి గుమ్మంలో ఆడవాళ్లు మూగారు. వాళ్లను తప్పించుకుంటూ పెద్దాయన భార్య లోపలికి వచ్చింది. కొంగు చాటున గుల్దాన్ ఉంది, ఇంట్లో చెప్పకుండా అటక మీది నుంచి దింపి తెచ్చింది. ఎవరినీ అడగకుండా నేల మీద కూర్చుని, దాన్ని ఒళ్లో తలకిందులు చేసి, బొడ్డులో వట్టి బొటనవేలు పెట్టింది. ఎడమ చేత్తో పాత్రను తిప్పింది. వేలు ఆ వలయాల్లో ఇమిడిపోయింది.

"గిట్ల. గింతే గద," అంది.

"మా ఇంట్ల చెంబులకు గూడ గివే గీతలు," అంది గుమ్మంలోంచి ఒకావిడ.

"మా కంచాలకు గూడ," అంది ఇంకొకావిడ.

ఒకావిడ అందరినీ తోసుకుని ముందుకొచ్చి సెక్రటరీని చూసింది. ఆవిడ ఆయన భార్య అని చూపును బట్టే తెలిసింది. "ఇన్నేండ్లల్ల మన ఇంట్ల ఒక్క గిన్నెనన్న తిప్పి అడుగు చూసినవా నువ్వు? చూడకుండనే పెద్దమనిషిని దొంగ జేస్తివి."

గుమ్మంలో ఆడవాళ్లు ఘొల్లుమన్న నవ్వులకు నిద్రపోతున్న పెద్ద లేచి, "ఆమేన్," అన్నాడు.

సెక్రటరీ నా భూతద్దం అడిగి తీసుకున్నాడు. మొదట చాలాసేపు తన కనురెప్పనే చూసుకున్నట్టున్నాడు. తర్వాత బొడ్డు చూశాడు. కొన్ని గీతలు పదునుగా, వాటి కింద కొన్ని అరిగి మొద్దుబారినవి, వాటి కింద ఇంకా మొద్దువి. ఒక్కరోజులో రుద్దితే ఆ తేడా రాదు. చూసి, దాన్ని ఆవిడ ఒళ్లో మెల్లగా పెట్టాడు. "తప్పైంది చెల్లె," అన్నాడు. అలా అనగలిగిన మనిషే. నా రిపోర్టు లేకపోతే, మూడు వారాల కిందటే అనేవాడేమో.

అయ్యగారు నావైపు తిరిగి, మొదటి కాగితం ఈ గదిలో చదివారు గానీ దాని మాట బస్తీ అంతా పాకింది, కాబట్టి రెండోది వచ్చే ఆదివారం సంఘమంతా ఉన్నప్పుడు చదవాలి అన్నారు. చదవాల్సింది నేనే అన్నారు.

అరపేజీ రాశాను, తెలుగులో. ప్రతి వాక్యంలో చేసినవాడు కనబడేలా రాశాను. చాలా వాక్యాల్లో అది నేనే. శనివారం దాన్ని పట్టుకుని బహదూర్‌పురా వెళ్లాను. పెద్దాయన మంచం మీద లేచి కూర్చుని, కాగితాన్ని దూరంగా పట్టుకుని, పెదవులు కదుపుతూ రెండుసార్లు చదివాడు.

"వాళ్లందరి ముందూ చదువుతానంకుల్. వాళ్లు మిమ్మల్ని అన్న మాటకు..."

"వాళ్లన్నదానికి గాదు సార్ నేను పోనిది." కాగితం మీంచి కళ్లు ఎత్తలేదు. "ఫిట్టర్ల బతుకే మాటలు పడే బతుకు. ఫోర్‌మన్ తిట్టిండు, సాబ్ తిట్టిండు, గవి నాకొక లెక్క గాదు. కాని ఆనాడు సెక్రెట్రీ మీ కాగితం చదివి చెప్తుంటె, నేను గూడ నమ్మిన. చదువుకున్నాయన రాసిండు, ఫొటోలు పెట్టిండు, అబద్ధమెట్లయితదని నమ్మిన. మా అమ్మ ఎక్కడనో కొనుక్కచ్చి దొరసాని పేరు చెప్పుకున్నదేమో అనుకున్న. ఆ అనుకున్నంక, ఏ మొఖం పెట్టుకొని పోయి ఆమె పేరు మీద పూలు పెట్టాలె?"

ఆయన తల్లి మాటను ప్రపంచం ముందు నిలబెట్టమని నా దగ్గరికి వచ్చాడు. నేను ఆయన దగ్గరే పడగొట్టాను.

ఆయన కాగితం మడిచి నాకిచ్చాడు. "మంచిగ రాసిండ్రు. గట్టిగ చదువుండ్రి. ఎనక బెంచీలకు చెవుడు."

ఆదివారం గట్టిగా చదివాను. పెద్దాయన ముందువరసలో కూర్చుని విన్నాడు, తల వంచుకుని, పక్కన భార్య. అయ్యాక లేచి వెళ్లి, గుల్దాన్‌ను తానే ప్రభువు బల్ల మీద పెట్టాడు. ఒక చేతిలో బంతిపూలు, చామంతుల కట్ట. ఇంకో చేత్తో బయటి బోరు నుంచి మగ్గుతో నీళ్లు పట్టుకొచ్చాడు.

పాతబస్తీ బోరు నీళ్లంటే సగం నీళ్లు, సగం సున్నం. వారం రోజులు అందులో నిలవుంటే గాజు లోపల తెల్లటి చార పడుతుంది. ఆ చార పోదు. కొనేవాళ్లు ముందు చూసేది దాన్నే. జాబితాలో పద్నాలుగో అంశం. నా కాళ్లు వాటంతటవే బల్ల దగ్గరికి నడిచాయి. నోరు తెరిచాను.

ఆయన మగ్గు పైకెత్తి ఆగాడు. "ఏంది సార్, ఏమన్న చెప్తరా?"

"ఏం లేదంకుల్," అన్నాను. "ఇంకొంచెం పొయ్యండి. కాడలు మునగాలి కదా."